28 రోజుల నెల ఎవరి క్యాలెండర్?



"డేటా చాయ్ కంటే చౌక" అనే మాట హైటెక్ సిటీలో తరచూ వినబడుతుంది. అనేవాళ్లకు ఇంట్లో ఫైబర్, ఆఫీసులో వైఫై. అదే బిల్డింగ్ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ అన్న, బాత్రూములు కడిగే అక్క సొంత జేబులోంచి రీచార్జి చేసుకుంటారు. ఆ అక్క కులమేమిటో నేను చెప్పాలా?

లెక్క చూద్దాం. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. నెలల తరబడి ఉచితంగా ఇచ్చి అలవాటు చేసింది. పోటీలో ఉన్న కంపెనీలు కొన్ని మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. 2024 జులైలో మిగిలిన మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకదాని వెనుక ఒకటి రేట్లు పెంచాయి. రోజుకు 1.5 జీబీ ఇచ్చే జియో 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 అయింది. 2022లో ట్రాయ్ చెబితే 30 రోజుల ప్లాన్లూ పెట్టారు గానీ 28 రోజుల నెల పోలేదు. మనకు జీతం ఏడాదికి 12 సార్లు, వాళ్లకు రీచార్జి 13 సార్లు. ఒక్క ఫోనుకు 3,887 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే 11,661.

2020లో ఆహా వచ్చినప్పుడు ఏడాదికి 365, అంటే రోజుకు రూపాయి. ఇవాళ ఆ రూపాయి సినిమా దాకా పోవడానికి దారి ఖర్చు రోజుకు పదిన్నర రూపాయల పైనే! ఇదీ చౌక.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ మంచి పని చేసింది. కంటెంట్‌ను బట్టి డేటాకు వేరువేరు రేట్లు పెట్టొద్దంది. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ ఆగిపోయింది. ముందు తలుపు మూశాక కంపెనీలు దొడ్డిదారి పట్టాయి. పెద్ద రీచార్జి చేస్తే ఓటీటీ ఉచితం! ఉన్నవాడికి కొసరు, లేనివాడికి కోత. ఆ మూటలో ఏం ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మన పత్రిక, మన పాట, మన చానల్ అందులో ఎందుకుంటాయి?

"సినిమా చూడకపోతే చస్తారా?" అంటారు. గ్రూప్స్ కోచింగ్, స్కాలర్‌షిప్ అప్లికేషన్, హాల్‌టికెట్ అన్నీ ఆ 1.5 జీబీలోనే సర్దుకోవాలి. అది అయిపోతే 64 కేబీపీఎస్. నా విద్యార్థులు పాఠం వీడియో వద్దు, పీడీఎఫ్ పంపండి సార్ అంటారు. అది బద్ధకం కాదు, పొదుపు.

1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెడితే, డబ్బులిస్తామన్నా 'కేసరి' ప్రకటన వేయలేదు. 1931లో ఇదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపారు. మన పత్రికలెప్పుడూ పేద పాఠకుల మీదే ఆధారపడ్డాయి. ఇవాళ ఆ పాఠకుడు చందాకు దాచుకున్న డబ్బును టవర్‌వాడు ముందే పట్టుకుపోతున్నాడు. రాసేవాడి దాకా ఏం మిగులుతుంది?

అందుకే అడుగుదాం. నెలంటే క్యాలెండర్ నెలే కావాలి. ప్రతి ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టల్లో పనిచేసే వైఫై కావాలి. స్కాలర్‌షిప్ మెయింటెనెన్స్‌లో నెట్ ఖర్చు లెక్కగట్టాలి. పని కోసం వాడించే డేటాకు యజమానే డబ్బు కట్టాలి.

మీ హాస్టల్లో ఒక్కొక్కరు రీచార్జికి ఏడాదికెంత పెడుతున్నారో ఈ వారమే కాగితం మీద రాయండి. వచ్చే భాగం ఆ లెక్కలతోనే మొదలుపెడదాం.

జై భీమ్.