కొలిచారు సరే, కక్కించారా?

గూడూరు నిమ్మకాయల మార్కెట్టుకి బస్తా తెచ్చిన రైతు కాటా చూసుకోకుండా కదలడు. తన సొత్తు కదా! అదే రైతుని ఊరి చెరువులో పూడిక ఎంత లోతు తీశారో చూడమంటే 'మనకెందుకులే' అంటాడు. అదీ మన సొమ్మేనండీ.

అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పనుల మీద సామాజిక తనిఖీ చేయించాల్సింది గ్రామసభే. రాజస్థాన్ పల్లెల్లో పుట్టిన ఈ ఆలోచనని సర్కారీ పద్ధతిగా మార్చి రాష్ట్రమంతా నడిపిన పేరు ఆంధ్రప్రదేశ్‌ది. 2006లో మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్లలో చదువుకున్న కుర్రాళ్లకి శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. "నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నిజంగా పనికెళ్లావా?" అని అడిగించారు. టేపు పట్టి గుంతలు కొలిపించారు. ఆఖరున మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులూ కూలీలూ ఎదురెదురుగా!

మరి దొంగతనం తగ్గిందా? ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 8 జిల్లాల్లో, 300 పంచాయతీల తనిఖీ నివేదికలు తిరగేశారు. అవకతవకలు మొత్తం మీద తగ్గలేదు. కూలి డబ్బుల్లో తినేది కాస్త తగ్గింది, సామగ్రి బిల్లుల్లో తినేది పెరిగింది. ఇందులో వింతేముంది? మస్టర్లో దొంగ పేరుంటే కూలీ పట్టేస్తాడు. సిమెంటు బస్తాలెన్ని పడ్డాయో, కంకర ఎన్ని ట్రాక్టర్లు వచ్చిందో ఆయనకెలా తెలుస్తుంది? దొంగ దారి మార్చాడంతే.

అసలు బాధ ఇంకోటుంది. పోయిందని తేలిన సొమ్ములో 87 శాతం తిరిగి రాలేదు. ఉద్యోగం ఊడటమో, కేసు పడటమో జరిగింది నూటికి ఒక్కటి కూడా లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. రూల్సు ప్రకారం తనిఖీ కూడా ఆర్నెల్లకోసారే! ఆలస్యంగానైనా మొరిగిందే అనుకుందాం. లేచొచ్చేవాడు లేకపోతే మొరిగి ఏం లాభం?

తనిఖీ చెడ్డదని కాదు నేననేది. తప్పు తేల్చేది ఒకరు, చర్య తీసుకోవాల్సింది ఇంకొకరు. మధ్యలో ఫైలు నిద్రపోతుంది. ఊరి ముందు నిలబడి నిజం చెప్పిన కూలీ మాత్రం మర్నాడు అదే మేట్ దగ్గర పనికెళ్లాలి. ఏ చర్యా లేకపోతే ఆ మనిషి రెండోసారి నోరు విప్పుతాడా?

అందుకే మీ మండలంలో ప్రజావేదిక జరిగితే వెళ్లండి. కొత్త లెక్కలు చదవబోయే ముందే లేచి ఒక్క మాట అడగండి: "పోయినసారి తేల్చిన సొమ్ము ఎంత వసూలైంది?" జవాబు రాకుండా రెండో కాగితం తిప్పనివ్వకండి.