మన వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంది?



పై వీడియోలో నవార వరి మడి చూపించాను కదా. అది చూసి చాలామంది ఫోన్ చేసి "మీకు వెబ్‌సైట్ ఉందటగా, ఎలా చేశారండీ" అని అడుగుతున్నారు. ఉంది. కాకపోతే ఇది రెండోది. మొదటిది పోయింది. అది ఎలా పోయిందో ముందు చెబుతాను.

మొదటి సైట్ తెలిసిన కుర్రాడొకడు చేసిపెట్టాడు. డబ్బులిచ్చాను, పనయిపోయింది అనుకున్నాను. డొమైన్ అంటే సైట్ అడ్రసు. దాన్ని అతను తన మెయిల్‌తో, తన పేరు మీదే కొన్నాడు. ఏటా దానికి డబ్బు కట్టాలన్న సంగతి కూడా నాకు తెలియదు. అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు మారింది, గడువు దాటిపోయింది. బియ్యం సంచుల మీద అచ్చేయించిన అడ్రసు కొడితే ఏవో సంబంధం లేని ప్రకటనలు వస్తున్నాయని ఒక కస్టమరు చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. మిగిలిన సంచులన్నిటికీ ఇంట్లో అందరం కూర్చుని స్టిక్కర్లు అంటించాం. కుర్రాడిని తప్పుపట్టను. పొలం పాసుబుక్కులో పేరు పదిసార్లు చూసుకునే నేను, ఇది మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

అందుకే సైట్ ఎవరితో చేయించుకున్నా డొమైన్ మాత్రం మీ మెయిల్, మీ ఫోన్ నంబరుతో మీరే కొనండి. మామూలు డాట్ ఇన్ అడ్రసుకు ఏడాదికి కొన్ని వందల రూపాయలు అవుతుంది, అంతే. మొదటి ఏడాది తక్కువ చూపించి, రెండో ఏడాది నుంచి ఎక్కువ తీసుకునేవాళ్ళున్నారు. రెన్యువల్ ధర ఎంతో చూసి కొనండి.

రెండోసారి కంప్యూటరు ముట్టుకోకముందే ఒక నోటుపుస్తకం తీసుకున్నా. నెల రోజులు ఫోన్‌లో జనం ఏమడిగితే అది రాసుకున్నా. "పాత బియ్యమా, కొత్తవా?" "ముడి బియ్యమా, పాలిష్ పట్టారా?" "ఎంతసేపు నానబెట్టాలి?" "పురుగు పడితే ఏం చేయాలి?" "హైదరాబాద్ పంపిస్తారా, ట్రాన్స్‌పోర్టు ఎవరు కట్టాలి?" తిప్పి తిప్పి ఇవే. జీవామృతం ఎలా కలుపుతారని అడిగినవాళ్ళంతా రైతులే, కొనేవాళ్ళు ఒక్కరూ అడగలేదు! నేనేమో పాత సైట్ నిండా అదే రాసుకున్నాను.

ఆ ప్రశ్నలకు జవాబులే ఇప్పుడు నా సైట్. మొత్తం నాలుగు పేజీలు: మా పొలం, ఇప్పుడు ఏమున్నాయి, ఎలా కొనాలి, తరచూ అడిగేవి. గూగుల్ సైట్స్‌లో చేశాను, దానికి డబ్బు కట్టక్కర్లేదు, జీమెయిల్ ఉంటే చాలు. యూట్యూబ్ వీడియోలు కూడా అందులోనే పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ పేమెంటు, షాపింగ్ కార్టు పెట్టుకోలేదు. ముప్పై బస్తాలు అమ్ముకునేవాడికి వాట్సాప్ నంబరు చాలదా?

ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు. అను ఫాంట్‌లో టైపు చేసిన తెలుగును ఫోటోగా మార్చి పెడుతున్నారు. చూడ్డానికి బాగుంటుంది గానీ గూగుల్‌లో వెతికితే దొరకడం కష్టం. ఫోన్‌లో మామూలుగా టైపు చేసే తెలుగు యూనికోడ్, అదే వాడండి. ఫోటోలు కూడా సైజు తగ్గించి పెట్టండి. పల్లెల్లో సిగ్నల్ సంగతి మనకు తెలియనిదా.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఈ బియ్యం తింటే షుగర్ పోతుంది, కీళ్ళనొప్పులు పోతాయి అని సైట్‌లో రాయకండి. నేనూ పాత సైట్‌లో రాశాను. అది చదివి ఒక పెద్దాయన షుగర్ మాత్రలు మానేయొచ్చా అని ఫోన్ చేశాడు. నాకు చెమటలు పట్టాయి. "మానొద్దు బాబాయ్, డాక్టరుగారినే అడుగు" అని చెప్పి, ఆ రాత్రే కుర్రాడికి ఫోన్ చేసి ఆ పేజీ తీయించేశా. ఇప్పుడు ఏ మడిలో పండింది, ఏం వేశాం, ఎప్పుడు కోశాం, ఎప్పుడు ఆడించాం, ఇవే రాస్తున్నా. పీజీఎస్ సర్టిఫికెట్ నాకింకా రాలేదు. రాలేదనే రాశాను, వచ్చి పొలం చూసుకోండి అని దారి మ్యాపు కూడా పెట్టాను.

సరుకు అయిపోయిన రోజే "అయిపోయింది" అని మార్చేయాలి. ఈ పని మా అమ్మాయి చూస్తుంది. డొమైన్ రెన్యువల్ తారీఖు మాత్రం పంచాంగం క్యాలెండరు మీద నేనే రాసుకున్నా, ఎర్ర పెన్నుతో.