రాతి వయసు చెప్పే గుల్లలు

రాజమండ్రి చుట్టుపక్కల, గోదావరికి అటూ ఇటూ నల్లరాతి క్వారీలున్నాయి. రోడ్లకీ ఇళ్లకీ కంకరగా మారే ఆ రాయి ఒకప్పటి లావా! పడమటి కనుమల ప్రాంతంలో ఎగజిమ్మి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడికొచ్చి గడ్డకట్టింది. కింద కొంత, పైన కొంత... మధ్యలో సముద్రం వదిలివెళ్లిన సున్నపురాతి పొరలు. డైనోసార్ల అంతానికి సంబంధించిన ఓ కీలక సాక్ష్యం ఆ మధ్య పొరల్లోనే దొరికింది.

రాయి మీద తారీఖు ఉండదు కదా, మరి వయసు తెలిసేదెలా? ఇంగ్లండ్‌లో కాలువల పనులు చూసిన విలియం స్మిత్ అనే సర్వేయరు రెండు శతాబ్దాల కిందటే దీనికో దారి చూపించాడు. ఏ పొరలోని శిలాజాలు ఆ పొరవే. ఎంత దూరం వెళ్లినా వాటి వరుస మారదు. ఆ ఆధారంతోనే ఆయన 1815లో ఇంగ్లండ్, వేల్స్‌ల భూగర్భ పటం గీశాడు. అంతరించిన జీవి మళ్లీ పుట్టదు. అందుకే ఓ జీవి తొలిసారి కనిపించిన చోటో, మాయమైన చోటో గీత గీసి, భూమి చరిత్రను దశలుగా విడగొడతారు.

దీనికి డైనోసార్లు పనికిరావు. వాటి ఎముకలు దొరికేదే అరుదు. కావాల్సింది సముద్రమంతా విస్తరించి, త్వరత్వరగా జాతులు మారే జీవి. ఫోరామినిఫెరా అలాంటిదే. ఒకే కణం, ఇసుకరేణువంత గుల్ల. చచ్చాక సముద్రం అడుక్కి చేరి పొరల్లో ఉండిపోతుంది.

6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట నీళ్లలో తేలే ఫోరామినిఫెరా జాతుల్లో చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత చిన్న చిన్న కొత్త జాతులొచ్చాయి. మాస్ట్రిక్టియన్ దశ ముగిసి డానియన్ మొదలైంది అక్కడే. దీనికి ట్యునీషియాలోని ఎల్ కెఫ్ దగ్గరి మట్టిపొరను 1991లో ప్రపంచ ప్రామాణికంగా ఖరారు చేశారు. ఉల్క తెచ్చిన ఇరీడియం కూడా ఆ పొరలో ఉంది. కానీ అన్నిచోట్లా ఇరీడియం దొరకదు. అప్పుడు గుల్లలే దిక్కు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లో వెతికింది ఈ గుల్లల కోసమే. కింది లావాకు పైనున్న పొరల్లో డానియన్ తొలినాళ్ల జాతులు కనిపించాయి. అంటే, లావా పెద్ద దఫా ఆగింది డైనోసార్లు పోయిన సమయానికి దగ్గర్లోనే! 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాక అసలు దోషి ఉల్కా, అగ్నిపర్వతాలా అన్న వాదన మరింత వేడెక్కింది. ఎక్కువమంది ఉల్కవైపే మొగ్గినా, లావాలో ఎక్కువ భాగం ఎప్పుడు వచ్చిందన్న దానిపై 2019లో వయసు లెక్కగట్టిన రెండు బృందాలకూ పొత్తు కుదరలేదు.

గుల్లలు చెప్పేది ఏది ముందో, ఏది వెనకో. ఆ వరుస తెలియకపోతే కారణం వెతకడమే సాధ్యం కాదు. క్వారీ తవ్వబట్టే ఈ పొరలు బయటపడ్డాయి. అయితే తవ్వుకుంటూ పోతే, చదవక ముందే కంకరలో కలిసిపోయే ప్రమాదమూ ఉంది!