అడ్డా మీద ఎవుసం ముచ్చట్లు: ఇంతకీ రైతంటే ఎవరు?

కూకట్‌పల్లిలో రైతులు ఎక్కడుంటారని అడిగితే ఎవరైనా రైతుబజార్ చూపిస్తారు. 1999 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన రైతుబజార్ల పద్ధతిలోనే ఇదీ నడుస్తోంది. మధ్యలో దళారీ ఉండకూడదు, పండించినవారే అమ్ముకోవాలి అన్నది అక్కడి నియమం. అందుకే లోపల కూర్చోవడానికి గుర్తింపు కార్డు కావాలి. ఆ కార్డు రావాలంటే ఊళ్లో భూమి ఉందనీ, అందులో ఫలానా పంట వేశారనీ అధికారులు చూసి రాయాలి.

అదే కూకట్‌పల్లిలో, 65వ నంబరు జాతీయ రహదారి వెంట, తెల్లవారగానే మరో గుంపు నిలబడుతుంది. చేతిలో సద్ది డబ్బా, సంచిలో పనికి తొడుక్కునే పాత చొక్కా. కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో సెంట్రింగ్ పనికి, మట్టి పనికి, ఇటుకలు మోయడానికి మేస్త్రి వచ్చి పిలిస్తే పోతారు, లేకపోతే పదింటికి గదికి తిరిగిపోతారు. వీళ్లను ఎవరూ రైతులనరు. పత్రికలకు వీళ్లు అడ్డా కూలీలు, ప్రభుత్వానికి అసంఘటిత కార్మికులు.

అయితే ఆ గుంపు పక్కన గంటసేపు నిలబడి వినండి. వినబడేదంతా వ్యవసాయమే. పరిశోధన పనిలో భాగంగా మేము అడ్డాల మీద కూర్చున్న పొద్దులన్నిట్లో కూలి రేటు కంటే ఎక్కువగా విన్నది వాన గురించి. "మీ దిక్కు పడ్డదా?" అన్నదే అక్కడ పలకరింపు. పడ్డదంటే ఎంత పడ్డది, దుక్కి తడిసిందా, పత్తి గింజ పెట్టిండ్రా, పెట్టినది మొలిచిందా. ఆ వెనుక పరాచికాలు మొదలవుతాయి. ఊళ్లో ఐకేపీ కేంద్రం వాళ్లు వడ్లలో తరుగు తీసినట్టే మేస్త్రి కూడా కూలిలో తరుగు తీస్తాడని ఒకాయన అంటాడు. కోతులకు కూడా పాసుపుస్తకం ఇయ్యాలె, మక్క చేను మీద మోకా వాటిదే గదా అని ఇంకొకాయన. 2025 ఆగస్టులో యూరియా కోసం తెలంగాణ అంతటా రైతులు లైన్లలో చెప్పులు పెట్టి కూర్చున్న రోజుల్లో మేము విన్న మాట ఇది: "మా చెప్పులు ఆడ ఎవుసం చేస్తున్నయి కాకా, మేము ఈడ కూలికొచ్చినం." కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. మా ఊరు ఊరంతా అమ్మినా ఆడ ఎకరం రాదన్న లెక్క ఆ అడ్డా మీద ఎప్పటి నుంచో నడుస్తోంది. ఆ 100 కోట్ల ఎకరంలో లేచే భవనానికి కంకర మోసేది కూడా వాళ్లే కనుక ఆ నవ్వులో కాస్త చేదు ఉంటుంది.

ఈ ముచ్చట్లను కాలక్షేపమని కొట్టిపారేయడం తేలిక. మన ఉద్యమ రచనల్లో కూడా పల్లె దళితుడు రెండే రూపాల్లో కనిపిస్తాడు: దెబ్బలు తిన్నవాడిగా, లేకపోతే ధర్నాలో పిడికిలి ఎత్తినవాడిగా. చేను గురించి, ఎడ్ల గురించి, పురుగుమందు డబ్బా మీది బొమ్మ గురించి జోకులేసే మనిషిగా చాలా అరుదు. కానీ ఆ జోకు వేయాలంటే సాగు తెలిసి ఉండాలి. తాలు అంటే ఏమిటో, తేమ ఎంతుంటే కొనరో తెలియనివాడు తరుగు మీద జోకు వేయలేడు. పొలం పట్టా ఎవరి పేరున ఉన్నా, పని ఎవరి చేతుల మీదుగా నడుస్తోందో ఆ పరాచికం బయటపెడుతుంది.

ఆ పరాచికాల్లో కులం కూడా ఉంది. అడ్డా మీద అందరూ "అన్నా", "కాకా", "బావా" అనే పిలుచుకుంటారు. ఊళ్లో అలా ఉండదు. మాదిగవాడలో అరవై ఏళ్ల మనిషిని పేరు చివర 'గాడు' తగిలించి పిలిచే పటేల్ ఇంటి పిల్లవాడు ఇంకా ఉన్నాడు. వాడి సరదా మాటకు ఈ పెద్దాయన నవ్వాలి, తిరిగి సరదా చేయకూడదు. పరాచికానికి వరస కావాలంటారు మనవాళ్లు. ఎవరితో ఎవరు హాస్యమాడవచ్చో బావ, మరదలు, వదిన అన్న వరసలు చెబుతాయి. ఊరికీ వాడకూ మధ్య ఆ వరస ఒక వైపే నడుస్తుంది.

తిరిగి మాట్లాడితే ఏమవుతుందో మన చరిత్రలో రాసే ఉంది. కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెల కుడితి నీళ్లు చెరువులో పోస్తుంటే వద్దన్నారు, మున్నంగి సువార్త ఎదురు నిలబడ్డారు. మర్నాడు, జూలై 17న, వాడ మీద పడి చంపారు. ఆరుగురు చనిపోయారు. పశువులు, నీళ్లు, చెరువు గట్టు మీద నాలుగు మాటలు: పల్లెలో రోజూ జరిగే సంభాషణే అది. ఎదురు చెప్పింది ఎవరన్న దాన్ని బట్టి అది హత్యాకాండ అయింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కులం పేరుతో నలుగురిలో దూషించడాన్ని నేరం చేసింది నిజమే. కానీ ఆ కేసుల్లో "తమాషాకు అన్నాం సార్" అన్న సాకు ఎంత తరచుగా వస్తుందో కోర్టుల చుట్టూ తిరిగే కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు.

మలేషియాలో ఒక వరి పండించే ఊళ్లో ఉండి రాసిన జేమ్స్ స్కాట్, పేదలు యజమాని ముందు ఒక మాట, వెనుక ఒక మాట మాట్లాడతారన్నాడు. వెనుక మాటలోనే వాళ్ల రాజకీయం ఉంటుందన్నాడు. ఆ లెక్కన అడ్డా కబుర్లు వెనుక మాటలే. మాకు మాత్రం ఇక్కడ ఇంకో సంగతి కనిపిస్తోంది. అడ్డా మీద పటేల్ లేడు కాబట్టి జోకుకు ఖరీదు లేదు. చేను కూడా లేదు కాబట్టి దానికి విలువా లేదు. ఊళ్లో మాటకు బరువుంది, స్వేచ్ఛ లేదు. కూకట్‌పల్లిలో స్వేచ్ఛ వచ్చింది, బరువు పోయింది. ఆ స్వేచ్ఛ కూడా సగమే. "ఏ ఊరన్నా?" అన్న ప్రశ్న తర్వాత "ఊళ్లె ఏ దిక్కు?" అన్న ప్రశ్న వస్తే చాలు, అప్పటిదాకా గలగల మాట్లాడుతున్న మనిషి "బస్టాండు కాడ" అని ముక్తసరిగా ముగించి బీడీ వెతుక్కుంటాడు.

ఈ మనుషుల సాగు కాగితంలోకి ఎందుకు ఎక్కలేదు? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీల చేతిలో ఉన్న సాగుభూమి దాదాపు 9 శాతం. 2011 జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. ఉన్నదాంట్లో కూడా అసైన్‌మెంట్ భూమి చాలా. మిగిలినవారు కౌలుకు చేస్తారు, పాలుకు చేస్తారు, జీతం ఉంటారు. తెలంగాణ రైతుల్లో మూడింట ఒక వంతుకు పైగా కౌలుదారులేనని రైతు స్వరాజ్య వేదిక 2022 అధ్యయనం చెప్పింది. పాత పహాణీలో పట్టాదారు కాలం పక్కన అనుభవదారు కాలం ఒకటి ఉండేది. మోకా మీద ఎవరున్నారో అందులో రాసేవారు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులు రావడానికి, దున్నేది ఎవరో రికార్డులో ఉండటమే ఆధారం. ధరణి కాలంలో అనుభవదారు కాలాన్ని తీసేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన సాగుదారుల చట్టం కింద ఇచ్చే రుణ అర్హత కార్డులు తెలంగాణలో మూలనపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో కొత్త చట్టం తెచ్చింది గానీ కార్డుకు యజమాని సంతకం కావాలంది. కౌలు చేస్తున్నాడని సంతకం పెట్టి ఇచ్చే యజమాని ఎంతమంది ఉంటారో ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు.

2018 మేలో రైతుబంధు ఎకరానికి, పంటకు 4,000 రూపాయలతో మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకే వెళ్లింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకూ ఇస్తామంది, వ్యవసాయ కూలీలకు ఏడాదికి 12,000 ఇస్తామంది. 2025 జనవరి 26న రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఒకేసారి మొదలయ్యాయి. రెంటిలోనూ అంకె 12,000. ఒకటి ఎకరానికి, ఇంకొకటి కుటుంబానికి. ఐదెకరాల పట్టాదారు హైదరాబాద్‌లో ఉండి చేను కౌలుకిచ్చినా ఏడాదికి 60,000 అర్హత. ఆ చేనును దున్నే భూమిలేని కుటుంబానికి 12,000, అదీ ఉపాధి హామీలో 2023-24లో కనీసం 20 రోజులు పని చేసి ఉంటేనే. ఊళ్లో పని చాలక నెలల తరబడి కూకట్‌పల్లి అడ్డా మీద నిలబడ్డవాడికి ఆ 20 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? వాన పడితే నాట్లకు ఊరికి పోతాడు, నాట్లు కాగానే మళ్లీ బస్సెక్కుతాడు. రైతు జాబితాలో భూమి లేదని లేడు, కూలీ జాబితాలో ఊళ్లో లేడని లేడు.

ఇదే 65వ నంబరు రోడ్డు మీద పటాన్‌చెరు, సంగారెడ్డి దాటి పోతే జహీరాబాద్ వస్తుంది. ఆ చుట్టుపక్కల పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తోంది. దాని మహిళా సంఘాల్లో అత్యధికులు దళిత స్త్రీలు. ఒకప్పుడు కూలికి పోయినవాళ్లు, కూలికి జొన్నలు కొలిపించుకున్నవాళ్లు. సంఘంగా భూమి కౌలుకు తీసుకున్నారు, ఎస్సీ కార్పొరేషన్ పథకం కింద కొన్నిచోట్ల కొన్నారు, పడావు భూముల్ని సాగులోకి తెచ్చారు, జొన్న, సజ్జ, కొర్ర, పప్పుల విత్తనాలు ఇళ్లల్లో దాచారు. 2008 అక్టోబర్‌లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టారు. ఏ విత్తనం ఏ నేలకు, ఏ కార్తెలో ఏం వేయాలి, పాటలు, పంచాయితీలు, వాడ భాషలోనే. నడిపేదీ దళిత మహిళలే. అడ్డా మీద మనం వింటున్న ముచ్చటే అక్కడ గాలిలో ప్రసారమైంది. ఊళ్లోని పెద్ద రైతు కూడా విన్నాడు, వాళ్ల ఇంటికొచ్చి విత్తనం అడిగాడు. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. కొన్ని పదుల ఊళ్ల అనుభవాన్ని రాష్ట్రమంతటికీ సాగదీయలేం. చిరుధాన్యాలతోనే కుటుంబం గడుస్తుందా అన్న ప్రశ్న కూడా ఉంది. అయినా ఆ మాటకు బరువొచ్చింది భాష మారినందుకు కాదు. కింద నేల ఉంది, మూటలో విత్తనం ఉంది.

ఈ జ్ఞానం కొత్తదీ కాదు. తెలంగాణ ఊళ్లలో చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంత నీరు అన్నది చూసిన నీరటివాళ్లు చాలాచోట్ల దళితులే. ఊరి వరి అంతా వాళ్ల అంచనా మీద పండింది. అయినా నీరటిని ఊరు రైతు అనలేదు, ఊరి పనివాడు అంది. అరెకలు, బండ్లు, మోట బొక్కెనలు, తోలు పని అంతా ఇంతే.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1 లెక్క తేదీ. అప్పుడు కులం కూడా రాస్తారు. అందరూ కులం గడి గురించే మాట్లాడుతున్నారు, మాట్లాడాల్సిందే. పని గడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. జనగణన నిర్వచనంలో సాగుదారు అంటే పట్టాదారు కాదు. డబ్బుకో, ధాన్యానికో, పాలుకో వేరేవారి భూమి తీసుకుని సాగు చేసినవారు కూడా సాగుదారులే. ధరణి తీసేసిన మనిషి జనగణన పుస్తకంలో ఇంకా ఉన్నాడన్నమాట. అయితే గణకుడు మూసాపేటలో రేకుల గది తలుపు తట్టి "ఏం పని చేస్తారు?" అంటే మనవాళ్లు "కూలి" అనే చెబుతారు. కౌలుకు పత్తి వేసినవాడు కూడా అలాగే అంటాడు. ఆ మాట నోటికి అలవాటు, పైగా రైతునని చెబితే ఉన్న రేషన్ కార్డు పోతుందేమోనన్న భయం.

కూకట్‌పల్లి, బాలానగర్, మూసాపేట బస్తీల్లో తిరిగే విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు ఇప్పటి నుంచే ఈ ఒక్క విషయం మీద కూర్చోవాలి. కౌలు చేసినవారు ఎన్ని గుంటలు చేశారో, ఎవరి భూమో, కౌలు ఎంతో చెప్పమని అడగాలి. ఫారం ముందు పెట్టి అడిగితే ఎవరూ చెప్పరు. "ఈసారి పత్తి ఎట్లుందే అక్కా?" అని అడిగితే ఎన్ని ఎకరాలో, ఏ ఊళ్లోనో, దొరకు ఎంత కట్టాలో అన్నీ వాళ్లే చెబుతారు.