గంగరావి కొమ్మ – గట్టు మీద హక్కు

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలాదిమంది చచ్చిపోయారు. చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్లూ ఉన్నారు. అందుకే చెట్టంటే మనకు అందం కాదు, ఆసరా.

మేం తిరిగిన ఊళ్లలో కాంట్రాక్టరు మొక్కలు లారీలో దిగాయి, బిల్లు అయింది, ఎండాకాలం ఉప్పుకి మాడిపోయాయి. మన ఊళ్లోనే గంగరావి ఉంది గదా! ఆకు రావిలాగే ఉంటుంది గాని ఆ పొడవాటి తోక ఉండదు. పసుప్పచ్చ పువ్వు వాడేసరికి ఎర్రబారుతుంది. ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది.

తొలకరిలో వేలి లావు ముదురు కొమ్మను జానెడు ముక్కలు కొయ్యండి. కణుపు కింద ఏటవాలుగా కోసి, ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చండి. తలకిందులు చెయ్యొద్దు. నీడన ఉంచి మంచినీళ్లే పొయ్యండి, మురుగు కాలువ నీళ్లొద్దు. చిగురు చూసి పీకొద్దు. చిగురు కొమ్మలో సత్తువతోనే వస్తుంది, వేరు తర్వాత పడుతుంది.

చెట్ల వరసతో ఉప్పెన ఆగుతుందా అంటారు. ఒక్కదానితో ఆగదు. మడ అడవి, సరుగుడు తోపు, తుపాను షెల్టరు అన్నీ కావాలి. అలాగని గట్లు బోడిగా వదిలేద్దామా?

అసలు ప్రశ్న, నాటాక చెట్టు ఎవరిది? బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో నారుమడి పని కూలి స్త్రీలకే ఇవ్వాలి. కూలి సక్రమంగా కట్టివ్వాలి. పెంచినవాళ్లకు రొట్ట మీద, కొమ్మ మీద హక్కు రాసివ్వాలి. చెట్టు ఎదిగాక ఆసామి గొడ్డలి పట్టుకొస్తే మనం ఊరుకోకూడదు.

ఈ తొలకరికే పేటపేటకూ ఒక నారుమడి పెడదాం. మొక్కతోపాటే హక్కూ అడుగుదాం.