పడినచోటు, పడదోసినచోటు

2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని గుర్తొకటి నడుమ ఇరుక్కున్న మన ‘జ్ఞా’ ఐఫోన్లలోని ఆప్‌లను కూల్చివేసింది, గుర్తుందా? అక్షరం గీసేచోట పడిపోయింది, సరే. దాన్ని అక్కడిదాకా తెచ్చిందెవరు? అసలు ప్రశ్న అదీ.

అప్పనపల్లి రేవులో నిలబడి ఈ నీరెక్కడిదంటే వైనతేయ అంటాం. వైనతేయ వసిష్ఠలోంచి, వసిష్ఠ ధవళేశ్వరం దిగువన గోదావరిలోంచి చీలాయి. ఎదురు నడిచేటప్పుడు ఒక్క చీలిక దగ్గర పొరబడితే గౌతమి గట్టున తేలుతాం.

కూలిన ప్రోగ్రాములో పిలుపుల దొంతరను వెనక్కి చదవడమూ అంతే. ఏ ఫంక్షనును ఏది పిలిచిందో పట్టిచ్చే ఆనవాలు ఫ్రేము పాయింటరు. ఒక రిజిస్టరు మిగులుతుందని కంపైలర్లు ఏళ్ళ తరబడి దాన్ని తీసివేశాయి. బదులుగా విడి పట్టికలున్నాయి గాని, అవి లేనిచోట డీబగ్గరు ఊహకు దిగుతుంది. దొంతరలో మిగిలిపోయిన పాత చిరునామాను పట్టుకొని నిర్దోషిని దోషిగా నిలబెడుతుంది.

64-బిట్ ఆర్మ్ యంత్రాలపై ఆపిల్ ఈ ఆనవాలును తప్పనిసరి చేసింది. లినక్సులో ఫెడోరా 2023లో, ఉబుంటు 2024లో దాన్ని తిరిగి తెచ్చాయి. వేగం కాస్త తగ్గినా నా మొగ్గు అటే. ఆనవాలు తెగినచోట మాత్రం, తప్పుదారి పట్టించే చిట్టాకంటే “ఇక్కడినుంచి తెలియదు” అని ఆగిపోయే చిట్టాయే మేలు.

మీరేమంటారు?