పదునెనిమిదేండ్లు దాటినవారికి ప్రభుత్వము లేదా?

మన పత్రికయందు వారము వారము తెలుగు బడుల గోడు, అధ్యాపకుల ఖాళీలు, 2006వ సంవత్సరపు తమిళ అభ్యసన చట్టము వలన పదవ తరగతి పరీక్షలలో మన పిల్లలకు కలుగు చిక్కులు చర్చింపబడుచున్నవి. చర్చింపబడవలసినదే. కాని బడి గడప యెక్కనివారు, ఎక్కినను నాలుగు నాళ్ళకే తిరిగి పంపబడినవారు మన యిండ్లలో కొందరు కలరు. ఆటిజము అను స్థితితో పుట్టి నేడు ముప్పది, నలుబది, అరువది యేండ్లు నిండినవారిని గూర్చి నేను చెప్పుచున్నాను. వీరిని లెక్కించుట, వీరి జీవితమును గూర్చి పరిశోధన చేయించుట ప్రభుత్వపు విధి. ఆ విధిని ప్రభుత్వము పసిపిల్లల దగ్గరనే నిలిపివేసినది. ఇది అన్యాయమని వ్రాయుటకే ఈ వారము కలము పట్టితిని.

ఆటిజమనగా నేమి? అది అంటురోగము కాదు, గ్రహచారము కాదు, పెంపకపు లోపము అంతకన్నను కాదు. మెదడు ఎదుగు తీరులో పుట్టుకనుండి యుండు భేదము. మాటలాడుట, ఎదుటివాని ముఖభావమును గ్రహించుట, దినచర్యలో మార్పును సహించుట, శబ్దమును వెలుతురును ఓర్చుకొనుట, వీనిలో ఒకరికి కొంత, వేరొకరికి అధికముగ కష్టము. కొందరికి మాటయే రాదు. కొందరు చదివి ఉద్యోగమును చేయుదురు గాని నలుగురిలో మెలగలేక నలిగిపోవుదురు. 1943లో అమెరికాలో లియో కానరు అను వైద్యుడు 11 మంది పిల్లలను పరీక్షించి ఈ స్థితిని వర్ణించెను. వారిలో మొదటివాడుగా పేర్కొనబడిన మిసిసిపీ రాష్ట్రపు డొనాల్డ్ ట్రిప్లెట్ పెరిగి పెద్దవాడై, స్వంత ఊరి బ్యాంకులో పని చేసి, 2023లో తన 89వ యేట కన్ను మూసెను. 'అది పిల్లల జబ్బు' అని నేటికిని అనువారు ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును.

పరిశోధన లేనిచోట నింద పెరుగును. తల్లుల నిరాదరణయే దీనికి కారణమని 1967లో బ్రూనో బెటల్‌హైము ఒక గ్రంథమే వ్రాసెను. అంతకు మూడేండ్ల ముందే, అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అను శాస్త్రజ్ఞుడు ఆ వాదమును ఖండించియుండెను. అయినను ఎందరు తల్లులు ఆ నిందను మోసిరో! మన యిండ్లలో అది నేటికిని కోడలి నెత్తిన పడుచున్నది.

ఇక మన యిండ్ల సంగతి. మాట రానివానిని మూగవాడన్నాము. ఒకే మాటను పదిమారులు అనువానిని వెర్రివాడన్నాము. పీళమేడు, సింగానల్లూరు మొదలుకొని మధుర, తిరుమంగళము వరకు ఏ వీధిలో విచారించినను ఇట్టి చిన్నాన్నయో మేనమామయో ఒకరు బయటపడుదురు. ఒకడు నూలు చుట్టలను రంగు తప్పక పేర్చును. వేరొకడు పంచాంగము చూడకయే పదియేండ్ల క్రిందటి తేదీకి వారము చెప్పును. కాని అన్నము తిను కంచము మారినచో ఆ పూట పస్తే. ఆడువారి పాటు మరియు దారుణము. 'నోరు లేని పిల్ల, అణకువ గలది' అని మెచ్చుకొని పెండ్లి చేసి పంపుదుము. అత్తవారింట ఆ సందడికి తట్టుకొనలేక ఆమె గదిలో ముడుచుకొని కూర్చున్నచో దానికి పొగరని పేరు. ఇంటిలో ఇట్టివారున్నారని తెలిసిన తక్కిన బిడ్డలకు సంబంధములు కుదురవను భయమున, చుట్టము వచ్చిన దినమున వెనుక గదికి గొళ్ళెము వేయు పెద్ద యిండ్లును కలవు.

ఉమ్మడి కుటుంబములున్న దినములలో ఏ పెద్దమ్మయో ఇంత ముద్ద పెట్టెడిది. నేడు అన్న బెంగుళూరున, తమ్ముడు అమెరికాలో. డెబ్బదియైదేండ్ల తల్లి నలుబదియైదేండ్ల కుమారునకు స్నానము చేయించుచున్నది. ఆమె పోయిన మరునాడు వానికి దిక్కెవరు? 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురము జిల్లా ఏర్వాడిలో గొలుసులతో కట్టబడియున్న 28 మంది మంటలలో మరణించిరి. వారు మానసిక రోగులు. ఆటిజము వేరు, మానసిక రోగము వేరు. అయినను ఇంటివారు చేతులెత్తివేసిన పిదప చేరు చోటు ఎట్లుండునో మధురవారికి నేను చెప్పనక్కరలేదు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని నేననను. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము మాటయే లేదు. 1999లో జాతీయ న్యాస చట్టము వచ్చెను. పదునెనిమిదేండ్లు దాటినవారికి ఆ చట్టము క్రింద జిల్లా కలెక్టరుతో గూడిన స్థానిక సంఘము సంరక్షకుని నియమింపగలదు. ఆస్తి పంపకము నాడు తగవులాడుకొను మనవారిలో ఈ యేర్పాటును ఎరిగినవారెందరు? 2016 చట్టము వైకల్యముల పట్టికను 21కి పెంచి ఆటిజమును చేర్చినది. అంతియకాదు. వైకల్యములు కలుగు కారణములను గూర్చి సర్వేలు, పరిశోధనలు జరిపింపవలయునని 25వ సెక్షనును, వికలాంగుల జీవనమును మెరుగుపరచు పరిశోధన చేయింపవలయునని 28వ సెక్షనును ప్రభుత్వములను ఆదేశించుచున్నవి. ఈ సెక్షనులలో వయోపరిమితి లేదు. బిల్లు వ్రాసి యిచ్చి సరకు పంపని వర్తకుని మనమేమందుము?

ఆచరణలో నున్నదేమో చూడుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పుట్టినది మొదలు 18 యేండ్ల వరకు పిల్లలను పరీక్షించును. మంచిదే. 2018లో ప్రచురింపబడిన ఇన్‌క్లెన్ వారి పరిశోధన దేశమున ఐదు చోట్ల, హైదరాబాదుతో సహా, నాలుగువేలకు దగ్గరగా పిల్లలను పరీక్షించి నూటికి సుమారొకరికి ఆటిజము కలదని చూపెను. అదియు మంచిదే. కాని ఆ పిల్లల వయస్సు రెండు మొదలు తొమ్మిదేండ్లు. తొమ్మిదేండ్లవానికి నూటికొకరైనచో నలుబదియేండ్లవానికి ఏమైనది? ఆవిరియైపోయెనా? 2011 జనాభా లెక్కలలో చూపు, వినికిడి, మాట, కదలిక, బుద్ధిమాంద్యము, మానసిక రోగము అను గడులుండెను, ఆటిజమునకు గడి లేదు. 'ఇతరములు' అను గడిలో మన చిన్నాన్నను పడవేసిరి. ఆ లెక్కలలోనే ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలని తేలినది. మాతృభాష గడిలో ఏమి వ్రాయించవలయునో ఇంటింటికి పోయి చెప్పు మనకు, గడి లేకపోవుటలోని నష్టము వేరొకరు బోధింపవలయునా?

లెక్కించిన దేశములలో ఏమి తెలిసినదో వినుడు. ఇంగ్లండులో 2007లో పెద్దలనే పరీక్షించి, వారిలోను నూటికి సుమారొకరు ఇట్టివారని కనుగొనిరి. 2009లో అచ్చటి పార్లమెంటు పెద్దల కొరకై ఆటిజ చట్టమును చేసినది. స్వీడనులో 27 వేలకు పైగా ఆటిజము గలవారి వివరములను ప్రభుత్వపు దస్త్రములనుండి తీసి 2016లో ప్రకటించిరి. తక్కినవారు సగటున డెబ్బది యేండ్లకు మరణింపగా వీరు యేబదినాలుగేండ్లకే మరణించుచున్నారు! బుద్ధిమాంద్యమును కలిసియున్నవారు ఇంకను ముందుగనే పోవుచున్నారు, అందు మూర్ఛరోగము ఒక ముఖ్య కారణము. ఈ సంగతి ఏ తల్లికి దానంతట తెలియగలదు? కడుపునొప్పి యని చెప్పలేనివాని కడుపునొప్పిని వైద్యుడెట్లు గుర్తింపవలయును, మూర్ఛ మందులను ముప్పదియేండ్లు మ్రింగిన దేహము ఏమగును, వృద్ధాప్యమున వాని జ్ఞాపకశక్తి ఎట్లుండును, ఇవన్నియు పరిశోధన వలననే తెలియవలసినవి. అమెరికాలోను ఈ పక్షపాతము పోలేదు. 2018లో ఆటిజ పరిశోధనకు ఖర్చు చేసిన ధనమున పెద్దల జీవితమునకు దక్కినది నూటికి ఐదు పాళ్ళకు లోపలే. అయినను 2019లో వారి చట్టమును సవరించి అన్ని వయస్సులవారికిని వర్తింపజేసిరి, 2024 డిసెంబరులో మరల ఐదేండ్లకు పొడిగించిరి.

దీనికి మనలో వచ్చు ఆక్షేపణలు నేనెరుగుదును. 'పరిశోధన ఎందులకయ్యా, నెలకింత పింఛను పెంచిన చాలదా?' యందురు. పింఛను కావలసినదే. కాని ఎందరున్నారో, ఎవరికేమి కావలయునో తెలియక పంచిన పింఛను గురి లేని బాణము. 'అన్నింటికి ప్రభుత్వమేనా? మన దాతలు లేరా?' యని వేరొక మాట. ఉన్నారు. 1926లో పీళమేటిలో పి.ఎస్.జి. సోదరులు ధర్మసంస్థను నెలకొల్పిరి. 1976లో మధురలో డాక్టరు వేంకటస్వామిగారు 11 పడకలతో ఆరంభించిన అరవింద కంటి ఆసుపత్రి నేడు లోకప్రసిద్ధము. ఆ మహనీయులకు చేతులు జోడించుచున్నాను. కాని దాత బడి కట్టగలడు, ఆసుపత్రి కట్టగలడు. దేశమందలి జనన మరణములను, ఆసుపత్రుల దస్త్రములను కలిపి ముప్పదియేండ్లు వెంబడించి చూచుట దాతకు సాధ్యమా? స్వీడనులో ఆ పని చేయగలుగుటకు ప్రభుత్వపు దస్త్రములే ఆధారము.

మూడవ ఆక్షేపణ పైకి అనరు, లోలోపల అనుకొందురు. పరిశోధకుడు వచ్చి మేనరికములను, వంశములను అడిగి మన కులమునకు మచ్చ తెచ్చునని. ఇది వట్టి భయము. ఆర్యవైశ్యులలో కొందరికి రక్తమున ఒక ఎంజైము లోపించుట వలన, శస్త్రచికిత్స నాడు కండరములను సడలించుటకిచ్చు ఒక మందు సరిపడక ఊపిరి చాలసేపు నిలిచిపోవును. ఈ విషయము పరిశోధన వలన బయటపడినది గనుకనే తెలిసిన వైద్యుడు ముందుగ విచారించి ప్రాణము కాపాడుచున్నాడు. వైశ్యులకు దీనివలన మచ్చ వచ్చెనా, మేలు కలిగెనా? 2017లో హైదరాబాదు సి.సి.ఎం.బి. వారును హార్వర్డు వారును కలిసి, తమలో తాము వివాహములు చేసికొను సమాజములు మన దేశమున 260కి పైగా పరీక్షించి, 81 సమాజములలో ఇట్టి వంశపారంపర్య లోపములను కనుగొను అవకాశము మిక్కుటముగ నున్నదని చూపిరి. ఆటిజము ఒక్క లోపముతో తేలునది కాదు. పెక్కు జన్యువులు అందు చేరియుండును. మేనరికమే కారణమని తీర్పు చెప్పుట ఎంత తప్పో, విచారణయే వలదనుట అంత తప్పు.

మన భాషకు సంబంధించిన సంగతి యొకటి కలదు. బిడ్డకు మాట ఆలస్యమైనదని తీసికొనిపోయిన చోట 'ఇంటిలో తెలుగు మానుడు, ఒకే భాష మాటలాడుడు' అని సలహా యిచ్చువారున్నారు. తల్లి తనకు సరిగరాని భాషలో బిడ్డను బుజ్జగింప ప్రయత్నించును. నాయనమ్మ నోరు మూసికొని కూర్చుండును. 2012లో కెనడాలో ప్రచురితమైన పరిశోధనలు, రెండు భాషలు వినుచు పెరిగిన ఆటిజము గల పిల్లలు ఒకే భాష విన్నవారికన్న మాటలలో వెనుకబడలేదని తేల్చినవి. ఆ సలహాకు ఆధారమేమని మనవారు వైద్యుని ఎదుటనే వినయముగ అడుగవలయును. ఆ బిడ్డ పెద్దవాడైన పిదప కష్టము ఇంకొక రూపమున వచ్చును. వాడు ఇంటిలో విన్న పది తెలుగు మాటలే వాని సర్వస్వము, పరీక్షించువాడు తమిళమున అడుగును, వాడు పలుకడు, వైకల్యపు శాతము ఒకటికి రెండింతలగును, లేదా తలక్రిందులగును. కోయంబత్తూరు తెలుగు గుంటూరు తెలుగు కాదు గనుక అచ్చటి ప్రశ్నపత్రమును తెచ్చి యిచ్చినను చాలదు. రాజ్యాంగపు 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నొసగవలయునని చెప్పుచున్నది. మాటయే రానివానికి మాతృభాష ఇంకను అవసరము గదా!

కనుక మనము అడుగవలసినవి ఇవి. 2025 జూను ప్రకటన ప్రకారము 2027 మార్చి 1వ తేదీని ఆధారముగ గొని జరుగవలసిన జనాభా లెక్కలో ఆటిజమునకు ప్రత్యేకమైన గడి యుండవలయును. ప్రపంచబ్యాంకు సహాయముతో 2022లో ఆమోదింపబడిన తమిళనాడు 'రైట్స్' పథకము క్రింద జరుగు ఇంటింటి సర్వేలో ముప్పది దాటినవారిని వారి యింటి భాషలో విచారింపవలయును. 1954లో స్థాపింపబడిన మధుర వైద్య కళాశాలయందును, 1966 నాటి కోయంబత్తూరు వైద్య కళాశాలయందును పెద్దవారికొరకు ఆటిజ విభాగములను తెరచి, అచ్చటికి వచ్చువారిని యేండ్ల తరబడి వెంబడించి చూచుటకు రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వములు ధనమీయవలయును. నేటి చిన్నపిల్లలకు చేయుచున్నది తగ్గింపుమని ఎవరును అడుగుట లేదు. ఆ పిల్లలే రేపటి పెద్దలు.

ఇట్టివారున్న కుటుంబములు పేరు వ్రాయనక్కరలేదు. వయస్సు, తాలూకా, ఇంటిలో మాటలాడు భాష, వైకల్యపు సర్టిఫికేటు ఉన్నదా లేదా, సంరక్షకుని నియమించిరా లేదా, ఈ యైదు సంగతులను ఒక కార్డుపై వ్రాసి సంఘ కార్యాలయమునకు పంపుడు. ఆ పట్టికను తీసికొని రెండు జిల్లాల కలెక్టరులను, చెన్నైలో వికలాంగుల సంక్షేమ శాఖవారిని కలువవలయునని వచ్చు కార్యవర్గ సమావేశమున తీర్మానమును ప్రవేశపెట్టుచున్నాను. కాదనువారు ఆ దినమున వచ్చి ఎదుట వాదింపవచ్చును.